స్తంభాలు పెరిగాయి, గొంతులేవీ?

2023 ఏప్రిల్ 28న ఒకేసారి 91 ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లను ప్రధానమంత్రి ప్రారంభించారు. 18 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాలు, 84 జిల్లాలు. ఒక్కొక్కటి నూరు వాట్లది. వీటివల్ల అదనంగా రెండు కోట్ల మందికి ఆకాశవాణి అందుతుందనీ, 35 వేల చదరపు కిలోమీటర్ల మేర ప్రసారం విస్తరిస్తుందనీ ప్రభుత్వం ప్రకటించింది. ఆ రాష్ట్రాల జాబితాలో తెలంగాణ కూడా ఉంది. దానికి కొద్ది నెలల ముందే, 2023 జనవరిలో, ప్రసార భారతి కోసం 2,539 కోట్ల రూపాయల ‘బైండ్’ పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఎఫ్.ఎం. అందే జనాభాను 68 శాతం నుంచి 80 శాతానికి, భూభాగాన్ని 59 శాతం నుంచి 66 శాతానికి పెంచడం అందులో చెప్పుకున్న లక్ష్యం.

లెక్కలు ఘనంగానే ఉన్నాయి. కానీ వీటిలో ఒక్క లెక్క కనిపించదు. ఎంతమంది వింటారో చెప్పారు. ఎంతమంది మాట్లాడతారో చెప్పలేదు. ఎన్ని స్తంభాలు నిలబెడతారో చెప్పారు. ఎన్ని ఊళ్లలో మైకు పెడతారో చెప్పలేదు. ప్రజల సొమ్ముతో, ప్రజల పేరుతో నడిచే రేడియో విస్తరిస్తోందంటే మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే: అందులో ఎవరి గొంతు విస్తరిస్తోంది? ఈ ప్రశ్న నల్లగొండ, పాలమూరు స్త్రీలు అడిగితే వచ్చే జవాబు ఏమిటో చూద్దాం.

రిలే స్తంభం ఏం చేస్తుంది?

రేడియో కేంద్రం వేరు, రిలే కేంద్రం వేరు. రేడియో కేంద్రంలో స్టూడియో ఉంటుంది. మైకు ఉంటుంది. అనౌన్సరు, కార్యక్రమాలు తయారుచేసే మనుషులు ఉంటారు. ఊరివాళ్లు వచ్చి కూర్చుని మాట్లాడే కుర్చీ ఉంటుంది. రిలే కేంద్రంలో ఇవేవీ ఉండవు. ఎక్కడో తయారైన కార్యక్రమాన్ని అందుకుని చుట్టుపక్కల పల్లెలకు వదిలే యంత్రం మాత్రమే అది. దానికి నోరుంది, చెవులు లేవు. మీ ఊరి బోరు ఎండిపోయిందని దానికి చెప్పుకోలేరు. మీ తండాలో బడి మూతపడిందని చెప్పుకోలేరు. అది పలికే మాట ఎక్కడో ముందే నిర్ణయమై వస్తుంది.

తెలంగాణలో ఆకాశవాణికి సొంతంగా కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాలు హైదరాబాద్, ఆదిలాబాద్, వరంగల్, నిజామాబాద్, కొత్తగూడెం. ఈ వరసలో నల్లగొండ లేదు, మహబూబ్‌నగర్ లేదు. రెండు పాత జిల్లాలు 2016, 2019లలో జరిగిన విభజనల తర్వాత నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలయ్యాయి. ఎనిమిది కలెక్టరేట్లు వచ్చాయి. ఎనిమిది జిల్లాల ఆడవాళ్లు నోరు విప్పడానికి ఒక్క స్టూడియో మాత్రం రాలేదు. అలంపూర్ వైపు వాళ్లకు తుంగభద్ర అవతల ఉన్న కర్నూలు కేంద్రం దగ్గర. మిగతావాళ్లకు హైదరాబాదే దిక్కు.

ఇది మొదటి నుంచీ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. నిజాం కాలంలో నడిచిన దక్కన్ రేడియోను 1950లో ఆకాశవాణి తీసుకుంది. తర్వాత 1984లో తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదటి స్థానిక రేడియో కేంద్రం వచ్చింది. జిల్లాకు సొంత కేంద్రం ఉండాలి, స్థానికుల సమస్యల మీద స్థానికులే మాట్లాడాలి, మైకు పట్టుకుని సిబ్బంది ఊళ్లోకి వెళ్లాలి అన్నది ఆ ఆలోచన. ఆదిలాబాద్, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్ కేంద్రాలు ఆ ఊపులో వచ్చినవే. ఆ ఊపు మన జిల్లాల దాకా రాకుండానే ఆగింది. ఇప్పుడు విస్తరణ అంటే రిలే. స్తంభానికి జీతం ఇవ్వక్కర్లేదు, పెన్షను ఇవ్వక్కర్లేదు. స్తంభం ఎదురు ప్రశ్న వేయదు.

మన దగ్గర చెప్పవలసిన మాటలు లేవా?

ఫ్లోరైడ్ నీటిని పటికతో, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. ఆఫ్రికా దేశాల్లోని ఇంజనీర్లకు కూడా ఆ పేరు తెలుసు. జిల్లా పేరు అంత దూరం పోయింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఆ నీళ్లు తోడి, మోసి, తాగి, వంకరపోయిన కాళ్ల పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లి మాట ఎంత దూరం పోయింది? ఫ్లోరైడ్ గురించి డాక్టర్లు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు. నల్లా నీళ్లు ఇప్పుడు వారానికి ఎన్ని రోజులు వస్తున్నాయో, రాని రోజు ఎవరు ఏ బోరుకు పోతున్నారో రోజూ చెప్పగలిగింది ఆడవాళ్లే. ఆ మాట వినడానికి ఒక మైకు కావాలి.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు, నగరాలు లేపారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ వలసపోతే, ఆమె కూలి ఆమె చేతికి వచ్చిందా, అతని లెక్కలో కలిసిపోయిందా? పని దగ్గర కాన్పయితే ఎవరు చూశారు? ఇంటి దగ్గర ముసలమ్మకు అప్పజెప్పి పోయిన ఆడపిల్ల బడికి పోతున్నదా, పెళ్లి చేసేశారా? దీపావళికి తిరిగొచ్చిన ఆడవాళ్లు నలుగురు ఒక గంటసేపు రేడియోలో మాట్లాడుకుంటే, మేస్త్రీ చెప్పే కూలి రేటుకు, అసలు రేటుకు తేడా ఎంతో జిల్లా అంతా తెలుస్తుంది. అందుకే అలాంటి గంట ఎవరికీ అక్కర్లేకపోయింది.

దేవరకొండ ప్రాంతంలోని తండాల్లో ఆడపిల్లల అమ్మకం 1999 నాటికి పత్రికలకెక్కింది. అప్పుడు తల్లుల్ని కసాయివాళ్లన్నారు. అప్పూ, కట్నం, కొడుకు కావాలన్న అత్తింటి పోరూ వాళ్ల నోటి నుంచి, వాళ్ల భాషలో ఎవరూ వినలేదు. తండాల్లో ఇంటి భాష లంబాడీ. 2003లో నాగార్జునసాగర్ దగ్గర లంబాపురం, పెద్దగట్టుల్లో యురేనియం గని మీద బహిరంగ విచారణ జరిగింది. 2019లో అదే యురేనియం కోసం నల్లమలలో సర్వే అన్నారు. అమ్రాబాద్ అడవుల్లో చెంచులు, వాళ్లతోబాటు జనం లేచారు. ఆ సెప్టెంబరులో శాసనసభే వ్యతిరేకంగా తీర్మానం చేయవలసి వచ్చింది. తమ నేల కింద ఏముందో, దాన్ని తవ్వితే ఏమవుతుందో తమ భాషలో వినే హక్కు ఆ తండాల స్త్రీలకు, ఆ పెంటల్లోని చెంచు స్త్రీలకు లేదా? విన్నాక ‘మాకొద్దు’ అని తమ భాషలోనే చెప్పే హక్కు లేదా?

జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. చట్టం వచ్చిందని ప్రకటన వేయడం ఒక పని. జోగినిగా బతికిన స్త్రీ తన మాటగా చెబితే, తన బిడ్డను దేవుడికి వదలమని ఊరి పెద్దలు ఒత్తిడి పెడుతున్న ఇంకో తల్లికి అది ధైర్యమవుతుంది. ఆ రెండో పని దూరపు స్టూడియో నుంచి జరగదు.

‘ఫోన్‌లో వస్తుంది కదా!’

ఇలా అడిగితే వెంటనే ఒక జవాబు వస్తుంది: ఇప్పుడు కేంద్రాలెందుకు, ఫోన్‌లో ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్ ఉంది, ఆకాశవాణి చానళ్లు రెండు వందలకు పైగా అందులో వినొచ్చు, 2024 నవంబరులో ‘వేవ్స్’ అనే కొత్త వేదిక కూడా వచ్చింది అని.

ఆ ఫోన్ ఎవరిది? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు నూటికి ముప్పై మంది కూడా లేరు. మగవాళ్లలో సగానికి మించి ఉన్నారు. పల్లెల్లో ఆడవాళ్ల సంఖ్య ఇంకా తక్కువ. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఒక్క స్మార్ట్ ఫోన్ ఉంటే పొద్దున అది ఎవరి జేబులో బయటికి పోతుంది? డేటా అయిపోతే ఎవరు వేయించాలి? కోడలు ఫోన్ పట్టుకుంటే ఎవరితో మాట్లాడుతున్నావని అడిగే ఇళ్లు ఎన్ని? యాప్‌లోకి ఎక్కితే ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లయినా వినొచ్చు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అది మంచిదే, కాదనం. కానీ చందంపేటలో కలుపు తీస్తున్న ఆమెకు అందకుండా న్యూజెర్సీకి అందిన దాన్ని విస్తరణ అని మనచేత ఒప్పించలేరు.

రేడియో గొప్పదనమంతా అది కళ్లను, చేతులను అడగకపోవడంలో ఉంది. పోచంపల్లిలో, గద్వాలలో, నారాయణపేటలో మగ్గం పక్కన కండెలు చుట్టే స్త్రీ పని ఆపకుండా వినగలిగే మాధ్యమం ఇదొక్కటే. చదువు రాకపోయినా ఫరవాలేదు. నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. చాలా ఫోన్లలో ఎఫ్.ఎం. అందుకునే ఏర్పాటు ఉండీ కంపెనీలు దాన్ని పనిచేయనివ్వడం లేదు. 2023లో కేంద్ర ఐ.టి. శాఖ ఎఫ్.ఎం.ను ఆపవద్దని కంపెనీలకు సలహా ఇచ్చి ఊరుకుంది. పేదవాళ్లకు సంబంధించినంతవరకు మన ప్రభుత్వాలు కంపెనీలకు ఎప్పుడూ సలహాలే ఇస్తాయి.

ఇంకో సంగతి. మీడియం వేవ్ ప్రసారం నేలబారున చాలా దూరం పోతుంది. ఎఫ్.ఎం. అలా పోదు, గుట్ట అడ్డమొస్తే ఆగిపోతుంది. గుట్టలకు, రాళ్లకు మన జిల్లాల్లో కొదవ లేదు. దేశమంతటా పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటే మూసేస్తున్నారు. పాతది మూసి కొత్తది అందించని చోట, లెక్కల్లో విస్తరణ, గుట్ట వెనక ఊళ్లో నిశ్శబ్దం.

అవే నూరు వాట్లు

నూరు వాట్లతో ఏం చేయవచ్చో మనకు దగ్గరలోనే ఒక ఊరు చూపించింది. పాత మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీల సంఘాలు 1990ల చివరలోనే యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నాయి. ప్రసారానికి మాత్రం అనుమతి లేదు. చేనుల గురించి, విత్తనాల గురించి, మందుల గురించి, ఆడవాళ్ల బాధల గురించి రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల్లో కూర్చుని విన్నారు. దాదాపు పదేళ్లు అలాగే గడిచాయి. 2008 అక్టోబరు 15న, ఐక్యరాజ్యసమితి మొదటిసారి జరిపిన గ్రామీణ మహిళా దినం నాడు, ‘సంఘం రేడియో’ గాలిలోకి వచ్చింది. దాన్ని ప్రారంభించిన జస్టిస్ పి.బి. సావంత్, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఉన్న న్యాయమూర్తి. పక్క రాష్ట్రం కోలారు జిల్లా బూదికోటలో కూడా అనుమతి రాని రోజుల్లో పల్లె స్త్రీలు తమ కార్యక్రమాలను కేబుల్ తీగ మీద ఇంటింటికీ పంపారు.

కమ్యూనిటీ రేడియోకు చట్టం ఇచ్చే శక్తి నూరు వాట్లు. ఆకాశవాణి రిలే స్తంభానిదీ నూరు వాట్లే. ఒకచోట ఆ శక్తి దళిత స్త్రీల గొంతును పక్క ఊళ్లకు చేరుస్తుంది. ఇంకోచోట ఢిల్లీ, హైదరాబాద్ మాటను మన చెవిలో పోస్తుంది. డబ్బు లేక కాదు, సాంకేతిక జ్ఞానం లేక కాదు, కరెంటు చాలక కాదు. బడి ముఖం చూడని స్త్రీలు పొలం పని చేసుకుంటూ రేడియో నడిపి చూపించాక, వేల కోట్ల ప్రసార భారతి జిల్లాకొక స్టూడియో నడపలేనంటే ఎవరు నమ్మాలి?

అలాగని కమ్యూనిటీ రేడియో ఉంది కదా, ఆకాశవాణిని వదిలేద్దామనడం కూడా సరికాదు. 1995 తీర్పు తర్వాత స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సులిచ్చే విధానం రావడానికి 2006 దాకా పట్టింది. వచ్చాక కూడా సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిషేధం అలాగే ఉంది. ఊళ్లో జరిగింది ఊరివాళ్లు వార్తగా చెప్పడం నేరమట! పైగా 2024 ఆగస్టులో 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. చానళ్ల వేలానికి కేంద్రం అనుమతిచ్చింది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ఆ జాబితాలో ఉన్నాయి. ప్రకటనల మీద బతికే చానలుకు నగల దుకాణం కావాలి, రియల్ ఎస్టేట్ కావాలి. ఫ్లోరైడ్ తల్లి దాన్ని పోషించలేదు. ప్రజా రేడియో ఖాళీగా వదిలిన జాగాలో రేపు కూర్చునేది వేలంలో పాడుకున్నవాళ్లే.

చట్టం ఏమంటోంది?

మనం దయ అడగడం లేదు. 1990లో చేసి 1997లో అమల్లోకి తెచ్చిన ప్రసార భారతి చట్టం, 12వ సెక్షన్‌లో ఆ సంస్థ విధులను రాసింది. వివిధ ప్రాంతాల భాషలకు, సంస్కృతులకు తగిన చోటివ్వాలంది. స్త్రీల స్థితిగతుల గురించి, సమస్యల గురించి ప్రజలను జాగృతం చేయాలంది. పల్లెలకు, గిరిజనులకు, బలహీన వర్గాలకు ప్రత్యేక శ్రద్ధ చూపాలంది. స్టూడియో లేని జిల్లాలో ఈ విధుల్ని ఎలా నెరవేరుస్తున్నారో ప్రసార భారతి చెప్పాలి.

మన మాట రేడియోకు పనికిరాదనే వాదన కూడా పాతదే. పుస్తకాల భాష రాని ఆడది మైకు ముందు ఏం మాట్లాడుతుందని వెక్కిరించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాద్ కేంద్రంలో ‘రేడియో చిన్నక్క’గా పేరు తెచ్చుకున్న రతన్ ప్రసాద్ తెలంగాణ పల్లె పలుకుబడితోనే శ్రోతలకు దగ్గరయ్యారు. 1993లో మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో మొదలైన మహిళా సమతా సంఘాల్లో దళిత స్త్రీలు భూమి గురించి, కూలి గురించి, కొట్టే మొగుళ్ల గురించి అధికారుల ముందు నిలబడి మాట్లాడటం నేర్చుకున్నారు, ఇతరులకు నేర్పారు. మాట్లాడేవాళ్లకు కొరత లేదు. వినే ఏర్పాటుకే కొరత.

ఉన్న కేంద్రాల్లో గొంతునిచ్చే స్త్రీల సంగతి కూడా చూడాలి. చాలామంది క్యాజువల్ అనౌన్సర్లు. నెలకు లెక్కపెట్టిన డ్యూటీలు, డ్యూటీకి ఇంత అని ఫీజు. ఏళ్ల తరబడి చేసినా ఉద్యోగమన్న పేరుండదు. వేధింపుల మీద ఫిర్యాదు చేశాక తమకు డ్యూటీలు ఆగిపోయాయని దేశంలోని పలు కేంద్రాల్లో పనిచేసిన స్త్రీలు 2018లో బహిరంగంగా చెప్పారు. తన బతుకు డ్యూటీ చార్టు మీద వేలాడుతున్న స్త్రీ, స్త్రీల హక్కుల గురించి ఎంత ధైర్యంగా మాట్లాడగలదు? స్తంభాలకు కోట్లు దొరికినప్పుడు మనుషులకు ఎందుకు దొరకవు?

మనం అడగవలసినవి

ఒకటి, పాత నల్లగొండకు ఒకటి, పాత మహబూబ్‌నగర్‌కు ఒకటి, స్టూడియోతో, సిబ్బందితో పూర్తి కేంద్రాలు కావాలి. రోజులో కొన్ని గంటలైనా అక్కడి మనుషులు తయారుచేసిన కార్యక్రమాలే రావాలి.

రెండు, లంబాడీ భాషకు, చెంచుల మాటకు రోజూ సమయం కేటాయించాలి. ఆ కార్యక్రమాలను ఆ స్త్రీలే నడపాలి.

మూడు, కార్యక్రమాల సలహా సంఘాల్లో సగం మంది స్త్రీలుండాలి. వాళ్లు కూలీ సంఘాల నుంచి, చేనేత సంఘాల నుంచి, తండాల నుంచి రావాలి.

నాలుగు, క్యాజువల్ సిబ్బందికి రాతపూర్వకమైన పని భద్రత కావాలి. 2013 చట్టం ప్రకారం ప్రతి కేంద్రంలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారో గోడ మీద రాసి పెట్టాలి.

ఐదు, ఎఫ్.ఎం. ప్రతి ఊరికీ అందిందని ఆ ఊరి గ్రామసభ చెప్పేదాకా మీడియం వేవ్ ప్రసారాన్ని ఆపకూడదు.

ఆరు, కమ్యూనిటీ రేడియోల వార్తల మీద నిషేధం ఎత్తివేయాలి.

సంస్థల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. రేడియో అంటే మన ప్రాజెక్టు గురించి పదిహేను నిమిషాల ప్రసంగం ఇప్పించుకునే చోటు కాదు. అది నీళ్లలాగా, రేషన్‌లాగా అడిగి తీసుకోవలసిన హక్కు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మూడు ప్రశ్నలు ఈ నెలలోనే వేయవచ్చు. మా జిల్లాలో ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్లు ఎన్ని, వాటి నుంచి రోజుకు ఎన్ని గంటలు జిల్లాలోనే తయారైన కార్యక్రమాలు వస్తున్నాయి? గత ఏడాది మా జిల్లా స్త్రీలు ఎంతమంది మీ కార్యక్రమాల్లో మాట్లాడారు? విస్తరణ నిధుల్లో యంత్రాలకెంత, కార్యక్రమాలకెంత? ఎనిమిది జిల్లాల నుంచి ఎనిమిది దరఖాస్తులు వెళ్లాలి. వచ్చిన జవాబుల్ని సంఘాల్లో చదివి వినిపించాలి. ఆ తర్వాత కలెక్టరేట్ల ముందు, పార్లమెంటు సభ్యుల ఇళ్ల ముందు ఏం మాట్లాడాలో మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

గాలి ప్రజలదని దేశంలో అత్యున్నత న్యాయస్థానం చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. ఆ ప్రజల్లో మర్రిగూడ ఉంది, మక్తల్ ఉంది, అమ్రాబాద్ ఉంది. మా గాలిలో మా మాట ఎప్పుడని అడగడానికి ఇంకో మూడు దశాబ్దాలు ఆగనవసరం లేదు.